ఉద్యోగ దరఖాస్తులో పాత కొలువులు: ఏవి రాయాలి, ఏవి వదిలేయొచ్చు, ఎక్కడ వదలకూడదు

రెజ్యూమె, అప్లికేషన్ ఫారం, వెరిఫికేషన్ ఫారం. ఉద్యోగం మారే ప్రతి ఒక్కరూ ఈ మూడూ నింపుతారు. చాలామంది మూడూ ఒకటే అనుకుని ఒకదాన్ని చూసి ఇంకోటి నింపేస్తారు. మాదాపూర్‌లోనైనా జీడిమెట్లలోనైనా చేతిదాకా వచ్చిన ఆఫర్ చాలాసార్లు ఇక్కడే జారిపోతుంది. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం కూడా ఉండదు. మూడు నెలల ఉద్యోగం ఒకటి రెజ్యూమెలో లేదు కదా అని వెరిఫికేషన్ ఫారంలోనూ రాయరు. పీఎఫ్ రికార్డులో అది కనబడుతుంది. హెచ్‌ఆర్ నుంచి వివరణ అడుగుతూ మెయిల్ వస్తుంది.

అందుకే పాత ఉద్యోగం రాయాలా వద్దా అని ఆలోచించే ముందు, ఇప్పుడు నింపుతున్నది ఏ కాగితమో చూసుకోవాలి.

మూడు కాగితాలు, మూడు లెక్కలు

రెజ్యూమె మీది. అందులో చేసిన ఉద్యోగాలన్నీ ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఈ పోస్టుకు నేను ఎందుకు పనికొస్తానో చెప్పుకునే కాగితం అది. పనికిరానివి తీసేయొచ్చు, పాతవి ఒక లైనుకు కుదించొచ్చు. ఉన్నదాన్ని మార్చి రాయడం మాత్రం కుదరదు.

అప్లికేషన్ ఫారం కంపెనీది. అది అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఈ ప్రశ్నను సరిగా చదవడంలోనే సగం పని ఉంది. "చివరి మూడు సంస్థలు" అంటే మూడే. "గత 10 ఏళ్లలో చేసిన ఉద్యోగాలు" అంటే ఆ పదేళ్లలో చేసిన రెండు వారాల ఉద్యోగం కూడా. "సంబంధిత అనుభవం" అంటే ఎంచుకునే వీలు మీకే ఇచ్చారన్నమాట. "ఇప్పటివరకు చేసిన అన్ని ఉద్యోగాలు" అని ఉంటే అన్నీ రాయాల్సిందే. ఫారం చివర "పై వివరాలన్నీ పూర్తిగా నిజం" అంటూ ఒక డిక్లరేషన్ ఉంటుంది. అందులో "నిజం" ఒక్కటే ఉందా, "పూర్తిగా" అని కూడా ఉందా అన్నది చూసుకోండి. పూర్తి అని సంతకం పెట్టాక వదిలేసినదేదైనా దాచినట్టే లెక్క.

వెరిఫికేషన్ ఫారం, అంటే అందరూ బీజీవీ (బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్) అనేది, మీరు చెప్పిన పాత ఉద్యోగాలు నిజమో కాదో సరిచూడటానికి. అది ఎక్కువగా ఆఫర్ వచ్చాక లింకు రూపంలో వస్తుంది. ఎంత వెనక్కి చూస్తారన్నది కంపెనీని బట్టి మారుతుంది. కొందరు చివరి రెండు సంస్థలు చూస్తారు, కొందరు అయిదేళ్లో ఏడేళ్లో పదేళ్లో చూస్తారు. బ్యాంకింగ్ క్లయింట్ల ప్రాజెక్టులైతే పట్టింపు ఇంకా ఎక్కువ. ఇక్కడ ఎంపిక ఉండదు. అడిగిన కాలంలో ఏం చేశారో, ఏం చేయలేదో నెల నెలా అతుక్కోవాలి.

మొదటి పని: ఎవరికీ చూపించని పూర్తి జాబితా

ఏది తీసేయాలో తెలియాలంటే ముందు అన్నీ ఒకచోట ఉండాలి. ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని ఎక్సెల్ షీటులో గానీ నోటుపుస్తకంలో గానీ మొదటి ఉద్యోగం నుంచి వరసగా రాయండి. ప్రతి దానికీ ఇవి కావాలి: సంస్థ పేరు ఆఫర్ లెటర్‌లో ఎలా ఉందో అలాగే, జీతం ఎవరి ఖాతా నుంచి పడిందో ఆ పేరు, హోదా, ఎంప్లాయీ ఐడీ, చేరిన తేదీ, చివరి పనిదినం, చివరి జీతం, మేనేజర్ పేరు, మానేసిన కారణం ఒక్క ముక్కలో, చేతిలో ఉన్న కాగితాలు.

తేదీలు గుర్తున్నట్టే ఉంటాయి గానీ గుర్తుండవు. "2018 చివర్లో" అనుకున్నది కాగితం తీసి చూస్తే 2019 ఫిబ్రవరి అయి ఉంటుంది. అందుకని జ్ఞాపకాన్ని నమ్మకుండా నాలుగుచోట్ల చూడండి.

ఒకటి, పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్. మీ 12 అంకెల యూఏఎన్‌తో (ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ నంబరు) లాగిన్ అయి "వ్యూ" కింద "సర్వీస్ హిస్టరీ" తెరవండి. ఏ సంస్థ మీ పేరున పీఎఫ్ కట్టిందో, ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో వరసగా ఉంటుంది. వెరిఫికేషన్ చేసేవాళ్లు ముందుగా చూసేది ఎక్కువగా దీన్నే. పాస్‌బుక్‌లో నెలవారీ జమలు కూడా చూసుకోండి, ఏ నెలతో ఆగిపోయాయో తెలుస్తుంది.

రెండు, ఆదాయపన్ను పోర్టల్‌లోని ఫారం 26ఏఎస్. మీ జీతం నుంచి ఏ సంస్థ టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసుకునే పన్ను) కట్టిందో ఏడాదివారీగా పేరుతో ఉంటుంది. జీతం పన్ను పరిధిలోకి రాకపోతే ఇక్కడ ఏమీ ఉండదు, దానికి కంగారు పడక్కర్లేదు.

మూడు, బ్యాంకు స్టేట్‌మెంట్. పీఎఫ్ లేని చిన్న కొలువులకు ఇదే పెద్ద ఆధారం. నాలుగు, పాత మెయిల్. ఆఫర్, రాజీనామా, రాజీనామా ఆమోదం, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క (మానేశాక కంపెనీ తేల్చే ఆఖరి బకాయిల లెక్క) అన్నీ అందులోనే దొరుకుతాయి. ఆఫీసు మెయిల్‌లోనే ఉండిపోయినవి మానేశాక దొరకవు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లు సొంత ఉద్యోగ పత్రాలను ఈ వారంలోనే సొంత మెయిల్‌కి తెచ్చుకుంటే మేలు.

ఒక్క విషయం. 20 మందికి తక్కువ పనిచేసే సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు. అబిడ్స్‌లో బట్టల షాపు, హిమాయత్‌నగర్‌లో ఆడిట్ ఆఫీసు, కాలనీలో చిన్న క్లినిక్ చాలావరకు అందులోకే వస్తాయి. పీఎఫ్ లేనంత మాత్రాన అది ఉద్యోగం కాకుండా పోదు. దానికి వేరే ఆధారం చూపించాల్సి వస్తుంది, అంతే.

సర్వీస్ హిస్టరీలో కనిపించే మూడు తప్పులు

జాబితా రాస్తుండగానే ఇవి బయటపడతాయి. దరఖాస్తు పెట్టకముందే సరిచేసుకోవాలి. ఆఫర్ వచ్చాక మొదలుపెడితే చేరే తేదీలోపు తెమలవు.

మానేసిన తేదీ ఖాళీగా ఉండటం మొదటిది. పాత కంపెనీ నమోదు చేయకపోతే మీరు ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, కొత్త కంపెనీకి రెండు ఉద్యోగాల అనుమానం వస్తుంది. 2020 నుంచి దీన్ని మనమే నింపుకునే వీలుంది. "మేనేజ్" కింద "మార్క్ ఎగ్జిట్" ఉంటుంది, ఆధార్ ఓటీపీతో పూర్తవుతుంది. చివరి జమ పడి రెండు నెలలు దాటి ఉండాలి, ఇచ్చే తేదీ ఆ చివరి జమ నెలలోదే అయి ఉండాలి. ఆ తేదీని రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేశామని పాత కంపెనీ ఇచ్చే లెటర్) పక్కన పెట్టుకుని చూసి నింపండి. ఒకసారి నింపాక మార్చడం చాలా కష్టం.

రెండోది, తేదీలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం. మీరు 13న మానేసి 16న కొత్తచోట చేరారు. పాత కంపెనీ మాత్రం అలవాటుగా నెలాఖరు తేదీ వేసింది. రికార్డులో పదిహేను రోజుల పాటు మీరు రెండు చోట్లా ఉన్నారు. దీనికి భయపడి ఫారంలో తేదీలు సర్దకండి. రిలీవింగ్ లెటర్‌లోని చివరి పనిదినమే ఫారంలో రాసి, పీఎఫ్ రికార్డులో నెలాఖరు తేదీ ఉందని రిమార్క్స్‌లో ఒక వాక్యం పెట్టండి. లెటర్ జత చేస్తే చాలు.

మూడోది, రెండు యూఏఎన్‌లు. కొత్త కంపెనీలో చేరేటప్పుడు పాత నంబరు ఇవ్వకపోతే కొత్తది పుట్టి ఉండొచ్చు. సగం ఉద్యోగాలు ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో ఉండిపోతాయి. పాత ఖాతాను ఇప్పటి యూఏఎన్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. పేరు, పుట్టిన తేదీ తేడా ఉంటే జాయింట్ డిక్లరేషన్ (మీరూ కంపెనీ కలిసి ఇచ్చే సవరణ పత్రం) కావాల్సి రావచ్చు. ఆన్‌లైన్లో ముందుకు పోకపోతే బర్కత్‌పురాలోని పీఎఫ్ కార్యాలయం దాకా వెళ్లాల్సి రావచ్చు. ఈ తిరుగుడు దరఖాస్తు కోసమే కాదు. పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు ఉండాలి, విడివిడిగా పడి ఉన్న చిన్న చిన్న సర్వీసులు ట్రాన్స్‌ఫర్ చేసుకుంటేనే ఆ లెక్కలో కలుస్తాయి.

రెజ్యూమెకు ఏరుకోవడం

ఇప్పుడు పోస్టు ప్రకటన ప్రింటు తీయండి. చేయాల్సిన పనులు ఎక్కడెక్కడ ఉన్నాయో గీత పెట్టండి, సాధారణంగా ఆరు నుంచి పది దొరుకుతాయి. మీ జాబితాలో ప్రతి ఉద్యోగం పక్కనా అందులో ఎన్ని పనులు నిజంగా చేశారో అంకె వేయండి. పెద్ద అంకెలున్న వాటికి ఎక్కువ జాగా ఇవ్వాలి. సున్నా వచ్చినదాన్ని వెంటనే కొట్టేయకండి, ముందు ఇంకో మూడు సంగతులు చూడాలి.

ఎంత పాతది? పదేళ్లు దాటినది, ఇప్పటి పనితో సంబంధం లేనిది అయితే వదిలేయొచ్చు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లు మొదటి నాలుగైదు ఉద్యోగాలను "2015కి ముందు" అని ఒక పేరా కింద పేర్లు, హోదాలతో ముగించేస్తే సరిపోతుంది.

తీసేస్తే ఖాళీ ఎంత పడుతుంది? మూడు నెలల లోపు ఖాళీని పెద్దగా ఎవరూ అడగరు. ఆరు నెలలు దాటితే అడుగుతారు. సంబంధం లేని ఉద్యోగమైనా అది తీస్తే ఏడాదిన్నర గొయ్యి పడుతుంటే, ఒక లైనులో ఉంచండి. అడిగించుకుని తడబడటం కంటే అది నయం.

పది నిమిషాలు మాట్లాడగలరా? రెజ్యూమెలో ఉన్న ప్రతి లైనూ ఇంటర్వ్యూలో ప్రశ్న అవుతుంది. 2012లో ఏదో సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు కొట్టిన పని గురించి ఇప్పుడు రెండు ముక్కలు కూడా చెప్పలేకపోతే, అది ఉండి మేలేమీ లేదు.

జాగా విషయానికొస్తే, ప్రస్తుత ఉద్యోగానికీ దాని ముందుదానికీ తలా నాలుగు నుంచి ఆరు లైన్లు, ఆ ముందువాటికి రెండు మూడు, అంతకు పాతవాటికి ఒకటి. అంతా రెండు పేజీల్లో రావాలి. ఫ్రెషర్లకు లెక్క వేరు, వాళ్లకు ప్రతి పనీ పనికొస్తుంది. డిగ్రీలో ఉండగా మెడికల్ షాపులో చేసిన పని కూడా పెట్టండి. స్టాక్ చూడటం, ఎక్స్‌పైరీలు తీయడం, లెక్క అప్పజెప్పడం ఇవన్నీ పనే. మొదటి రెండు ఉద్యోగాలు వచ్చేదాకా దాన్ని ఉంచి, ఆ తర్వాత తీసేయొచ్చు.

తెగని కేసులు

*రెండు మూడు నెలలకే మానేసినది.* రెజ్యూమెలో వదిలేయొచ్చు, అదే మా సలహా. కానీ పీఎఫ్ జమ ఒక్క నెల పడినా వెరిఫికేషన్ ఫారంలో రాయాల్సిందే. "చేరాక పని స్వభావం ఆఫర్‌లో చెప్పినదానికి వేరుగా ఉంది, ప్రొబేషన్‌లోనే రాజీనామా చేశాను" అన్నంత చాలు. పాత కంపెనీ మీద ఫిర్యాదు రాయకండి. వరసగా మూడు చిన్న ఉద్యోగాలు ఉంటే మాత్రం మూడూ వదిలేస్తే పెద్ద ఖాళీ తేలుతుంది. అందులో పనికి దగ్గరగా ఉన్నదాన్ని ఒక్కటి రెజ్యూమెలో ఉంచండి.

*థర్డ్ పార్టీ పేరోల్.* హైదరాబాద్‌లో ఐటీ, ఫార్మా, బ్యాంకు బ్యాక్ ఆఫీసుల్లో ఆఫ్ రోల్స్‌లో పనిచేసేవాళ్లు ఎక్కువ. కూర్చునేది పెద్ద కంపెనీలో, జీతం వేసేది స్టాఫింగ్ కంపెనీ. రెజ్యూమెలో పెద్ద కంపెనీ పేరు ఒక్కటే రాయడం మామూలైపోయింది, వెరిఫికేషన్‌లో దెబ్బతినేదీ అక్కడే. ఆ పెద్ద కంపెనీ హెచ్‌ఆర్‌ని అడిగితే "ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు" అని జవాబు వస్తుంది. వాళ్లు చెప్పేది కాగితం ప్రకారం నిజమే. కాబట్టి రెండు పేర్లూ రాయండి: "ఫలానా స్టాఫింగ్ సంస్థ ఉద్యోగిగా, ఫలానా ఫార్మా కంపెనీ జీడిమెట్ల యూనిట్‌లో". ఫారంలో యజమాని గడిలో స్టాఫింగ్ కంపెనీ పేరు, క్లయింట్ గడిలో పెద్ద కంపెనీ పేరు. క్లయింట్ గడి లేకపోతే రిమార్క్స్‌లో. మధ్యలో స్టాఫింగ్ కంపెనీ మారి, కూర్చునే సీటు అదే అయినా, ఫారంలో అవి రెండు ఉద్యోగాలు.

*పేరు మారిన, విలీనమైన సంస్థ.* అప్పుడు ఉన్న పేరు రాసి పక్కనే ఇప్పటి పేరు ఇవ్వండి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి. సత్యం 2013లో టెక్ మహీంద్రాలో విలీనమైంది. ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ 2014లో సైయెంట్ అయింది. పాత పేరు ఒక్కటే రాస్తే వెరిఫికేషన్ చేసేవాళ్లకు ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. కొత్త పేరు ఒక్కటే రాస్తే మీ ఆఫర్ లెటర్‌తో కుదరదు.

*మూతపడిన కంపెనీ.* రాయండి, "ప్రస్తుతం నడవడం లేదు" అని పక్కన పెట్టండి. అప్పటి మేనేజర్ ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కుని, వారిని అడిగి, రిఫరెన్స్‌గా ఇవ్వండి. పే స్లిప్‌లు, ఆ కాలం బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి.

*చెప్పకుండా మానేసినది.* నోటీస్ ఇవ్వకుండా వెళ్లిపోతే పాత హెచ్‌ఆర్ రికార్డులో "అబ్‌స్కాండింగ్" అని ఉంటుంది, వెరిఫికేషన్‌లో అదే మాట వెళుతుంది. దరఖాస్తులు మొదలుపెట్టక ముందే పాత హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి: ఎంప్లాయీ ఐడీ, చేరిన తేదీ, ఆఖరుగా వెళ్లిన తేదీ, నోటీస్ బకాయి ఎంతో చెబితే కట్టేస్తాను, ఫుల్ అండ్ ఫైనల్ పూర్తి చేసి లెటర్ ఇవ్వండి అని. ఈ బకాయిని కొన్ని చోట్ల బేసిక్ జీతం మీద, కొన్ని చోట్ల మొత్తం జీతం మీద లెక్క కడతారు, మీ ఆఫర్ లెటర్‌లో ఏముందో చూసుకోండి. డబ్బు కట్టి లెటర్ తెచ్చుకోవడం బాధగానే ఉంటుంది. కానీ ఆ మాట రికార్డులో ఉండిపోతే ప్రతి ఉద్యోగం దగ్గరా అడ్డొస్తుంది.

*రిలీవింగ్ లెటర్ ఇవ్వని చోటు.* ఉద్యోగం ఉన్నట్టే రాసి, లెటర్ లేదని ముందే చెప్పండి. రాజీనామా మెయిల్, దానికి వచ్చిన జవాబు, చివరి మూడు పే స్లిప్‌లు, ఫారం 16 (కంపెనీ ఇచ్చే టీడీఎస్ పత్రం), పీఎఫ్ పాస్‌బుక్ కలిపి ఒక పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. చాలా కంపెనీలు వీటిని ఒప్పుకుంటాయి. లెటర్ లేదు కదా అని ఉద్యోగాన్నే మాయం చేయడం మాత్రం ఒప్పుకోరు.

*తీసేసిన ఉద్యోగం.* రెజ్యూమెలో మానేసిన కారణం రాయనక్కర్లేదు. ఫారం అడిగితే "ప్రాజెక్టు ముగియడంతో పోస్టులు తగ్గించారు" లాంటి ఒక్క నిజమైన వాక్యం రాయండి. "రాజీనామా" అని రాసి పాత కంపెనీ "టెర్మినేషన్" అని చెబితే, తీసేసినందుకు కాదు, తప్పు రాసినందుకు ఆఫర్ పోతుంది.

*కోర్సులు, ఇంటర్న్‌షిప్‌లు.* అమీర్‌పేటలో చేసిన నాలుగు నెలల కోర్సు ఉద్యోగం కాదు, దాన్ని శిక్షణ విభాగంలో పెట్టండి. స్టైపెండ్ ఇచ్చిన ఇంటర్న్‌షిప్‌ను ఇంటర్న్‌షిప్ అనే రాయండి. దాన్ని అనుభవం సంవత్సరాల్లో కలిపితే లెక్క తేడా వస్తుంది.

*సొంత పని, ఇంటి వ్యాపారం, డెలివరీ, ట్యూషన్లు.* ఇవి పనులే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ గానీ దుకాణం లైసెన్సు గానీ ఉంటే నంబరు జాబితాలో రాసి పెట్టుకోండి. డెలివరీ యాప్ చెల్లింపులు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. "స్వయం ఉపాధి" అని రాస్తే చాలు. నాన్నగారి షాపులో కూర్చున్నవాళ్లు తమను తాము "డైరెక్టర్" అని రాసుకోవద్దు, "దుకాణ నిర్వహణ, కొనుగోళ్లు, లెక్కలు" అంటే అందులో విషయం ఉంటుంది.

*పిల్లల కోసం, పెద్దవాళ్ల జబ్బు కోసం ఆగినవాళ్లు.* "2021 మే నుంచి 2022 నవంబర్ వరకు కుటుంబ బాధ్యతలు" అని రాయండి. అంతకు మించి వివరం ఇవ్వాల్సిన పని లేదు.

అమ్ముకునే అనుభవం కొనొద్దు

ఉద్యోగం కోసం ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్లలో ఉండి వెతుక్కునే పిల్లలకు ఎక్కడో ఒకచోట ఈ మాట వినబడుతుంది: ఇంత ఇస్తే మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం, పే స్లిప్‌లు, లెటర్, వెరిఫికేషన్ ఫోన్ అన్నీ మేమే చూసుకుంటాం. దీని గురించి గట్టిగా చెప్పాలి. ఆ మూడేళ్లకు పీఎఫ్ జమ ఉండదు, టీడీఎస్ ఉండదు, బ్యాంకులో జీతం పడి ఉండదు. ఒకవేళ ఇప్పుడు కొత్తగా పీఎఫ్ కట్టించినా, జమ పడిన తేదీలు పాస్‌బుక్‌లో కనిపిస్తాయి. చేరేముందు దొరికితే ఆఫర్ పోతుంది. చేరిన ఏడాదికి దొరికితే ఉద్యోగం పోతుంది, అప్పటిదాకా నిజంగా చేసిన పనికి కూడా మంచి లెటర్ రాదు. ఆ డబ్బు అడిగేవాళ్లు ఈ పిల్లల ఆశ మీద బతుకుతున్నారు. ఇంట్లో అప్పు చేసి తెచ్చిన డబ్బు దానికి పోనివ్వకండి.

ఖాళీ కప్పడానికి నిజమైన ఉద్యోగం తేదీలు రెండు నెలలు సాగదీయడం చిన్న విషయంలా కనిపిస్తుంది. పట్టుబడే తీరు మాత్రం అదే.

ఒక జాబితాను రెండు రకాలుగా ఏరడం

2013లో బీకాం పూర్తి చేసిన ఒకరి పూర్తి జాబితా ఇలా ఉందనుకుందాం.

2013 జూన్ – 2014 ఏప్రిల్: బేగంబజార్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు, బిల్లింగ్, టాలీ ఎంట్రీలు. పీఎఫ్ లేదు.
2014 జూన్ – 2016 ఆగస్టు: మాదాపూర్‌లో కాల్ సెంటర్, వాయిస్ ప్రాసెస్. పీఎఫ్ ఉంది.
2016 సెప్టెంబర్ – నవంబర్: ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్లు, పది వారాలు. రెండు నెలల పీఎఫ్, లెటర్ లేదు.
2017 జనవరి – 2020 మార్చి: హిమాయత్‌నగర్‌లో ఆడిట్ ఆఫీసు, అకౌంట్స్ అసిస్టెంట్. పీఎఫ్ లేదు, జీతం బ్యాంకులో.
2020 ఏప్రిల్ – 2021 ఫిబ్రవరి: ఉద్యోగం లేదు. ట్యూషన్లు, కొన్నాళ్లు బైక్ మీద డెలివరీ.
2021 మార్చి – 2023 జూలై: జీడిమెట్ల ఫార్మా కంపెనీలో అకౌంట్స్ పేయబుల్, స్టాఫింగ్ సంస్థ పేరోల్.
2023 ఆగస్టు – ఇప్పటిదాకా: అదే ఫార్మా, సొంత రోల్స్‌లో, అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్.

జీనోమ్ వ్యాలీలోని ఒక కంపెనీలో సీనియర్ అకౌంట్స్ పోస్టుకు దరఖాస్తు. రెజ్యూమెలో ఫార్మా కంపెనీ ఒక శీర్షిక, దాని కింద రెండు కాలాలు, మొదటిదాని పక్కన స్టాఫింగ్ సంస్థ పేరు. ఇక్కడే ఆరు లైన్లు: నెలకు ఎన్ని వెండర్ బిల్లులు చూస్తారు, ఏ ఈఆర్‌పీలో (కంపెనీ లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్), టీడీఎస్ ఎవరు లెక్క కడతారు, నెలాఖరు క్లోజింగ్ ఏ తేదీకి. తర్వాత ఆడిట్ ఆఫీసు. దీనికి పీఎఫ్ లేదని చిన్నగా రాయడం తప్పు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఈ మనిషి ఆడిట్ ఆఫీసులోనే ఉన్నారు. పాత వ్యాట్ లెక్కల నుంచి జీఎస్టీకి మార్చిన పని, ఎంతమంది క్లయింట్లకు రిటర్నులు వేశారన్నది నాలుగు లైన్లు రాయాల్సినంత విలువైనది. 2020–21కి ఒక్క లైను. కాల్ సెంటర్ ఒక్క లైను. బేగంబజార్ కొట్టు, కలెక్షన్ల ఉద్యోగం రెండూ ఉండవు.

అదే మనిషి ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో బిల్లింగ్, పేషెంట్ రిలేషన్స్ టీమ్ లీడ్ పోస్టుకు పెడితే కాల్ సెంటర్‌కి నాలుగు లైన్లు వస్తాయి: రోజుకు ఎన్ని కాల్స్, ఏ భాషల్లో, కోపంగా ఉన్న కస్టమర్లను ఎవరికి అప్పగించేవారు. బేగంబజార్ కొట్టులో కౌంటర్ బిల్లింగ్ కూడా ఒక లైనుగా తిరిగొస్తుంది. ఆడిట్ ఆఫీసు రెండు లైన్లకు తగ్గుతుంది.

వెరిఫికేషన్ ఫారం మాత్రం రెండు చోట్లా ఒకటే. పదేళ్లు అడిగితే పది వారాల కలెక్షన్ల ఉద్యోగం తేదీలతో, "రిలీవింగ్ లెటర్ లేదు, పాస్‌బుక్ జత చేశాను" అన్న రిమార్కుతో ఉంటుంది. ఆడిట్ ఆఫీసుకు బ్యాంకు స్టేట్‌మెంట్, సీఏ గారి లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం.

ప్రభుత్వ పోస్టులు, వీసా ఫారాలు

టీజీపీఎస్సీ గానీ ఇంకే నియామక సంస్థ గానీ అనుభవం అడిగితే నోటిఫికేషన్‌లో రెండు ముక్కలు వెతకండి: అనుభవం ఏ తేదీ నాటికి లెక్కిస్తారు, అర్హత డిగ్రీ తర్వాతి అనుభవమే లెక్కా కాదా. డిగ్రీకి ముందు చేసిన రెండేళ్లు కలిపి రాసి తిరస్కరణకు గురయ్యేవాళ్లు ఉంటారు. అనుభవ పత్రం వాళ్లిచ్చిన నమూనాలోనే తీసుకోండి. లెటర్‌హెడ్, హోదా, తేదీలు, పని స్వభావం, సంతకం చేసినవారి పేరు, హోదా ఉండాలి. ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే ఆ సంగతి దాచకుండా మీ శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి.

అమెరికా వీసా డీఎస్-160 ఫారం గత అయిదేళ్ల ఉద్యోగాలు అడుగుతుంది. కంపెనీకి ఇచ్చిన తేదీలు ఒకటి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ ముందు చెప్పే తేదీలు ఒకటి అయితే ఇబ్బంది. మీ పూర్తి జాబితా నుంచే రెండూ నింపండి.

పంపే ముందు, పంపాక

నౌకరీ ప్రొఫైల్, లింక్డ్‌ఇన్, రెజ్యూమె పక్కపక్కన తెరిచి తేదీలు, హోదాలు సరిచూడండి. రెజ్యూమెలో లేని ఉద్యోగం లింక్డ్‌ఇన్‌లో ఉంటే తప్పు లేదు. ఒకే ఉద్యోగానికి రెండు చోట్ల రెండు తేదీలుంటేనే ప్రశ్న వస్తుంది. నెల, సంవత్సరం రెండూ రాయండి. సంవత్సరాలు మాత్రమే రాస్తే ఏదో దాస్తున్నట్టు అనిపిస్తుంది. అనుభవం మొత్తం "7.5 ఏళ్లు" అని పైన రాసేముందు ఖాళీలు తీసేసి నెలలు కూడండి.

హెచ్‌ఆర్ ఫోన్ చేసి "2016లో ఇంకో కంపెనీ కనిపిస్తోంది, రెజ్యూమెలో లేదే" అంటే తడుముకోకండి. "అవునండి, పది వారాలు చేశాను, ఈ పోస్టుకు సంబంధం లేదని రెజ్యూమెలో పెట్టలేదు, వెరిఫికేషన్ ఫారంలో తేదీలతో ఇచ్చాను" అని చెప్పండి. ఫారంలో నిజంగా ఉంటే ఆ సంభాషణ అక్కడితో ముగుస్తుంది. ఫారంలో మర్చిపోయి ఉంటే, వాళ్లు అడిగేదాకా ఆగకుండా గుర్తొచ్చిన రోజే మెయిల్‌లో సవరణ పంపండి.

పంపిన ప్రతి రెజ్యూమె, ప్రతి ఫారం పీడీఎఫ్ చేసి, కంపెనీ పేరు, తేదీతో ఒక ఫోల్డర్‌లో దాచండి. ఆన్‌లైన్ ఫారాలు సబ్మిట్ చేశాక మళ్లీ తెరుచుకోకపోవచ్చు, అందుకని సబ్మిట్ నొక్కే ముందే ప్రతి పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆర్నెల్ల తర్వాత ఇంటర్వ్యూకి పిలిచినప్పుడు బయల్దేరే ముందు తెరిచి చదువుకోవాల్సింది ఆ కాపీనే.